పుట్టుకకు రుజువేది? యోగ్యత వాదమూ తర్కం చరిత్రా

తత్వశాస్త్రం అనగానే మన యూనివర్సిటీల్లో రెండు దారులు చూపిస్తారు. ఒకటి గ్రీకులతో మొదలై యూరప్ మీదుగా వస్తుంది. రెండోది ఉపనిషత్తులతో మొదలై శంకరుడి దగ్గరికి చేరుతుంది. ఈ రెండు దారుల్లోనూ మాలమాదిగలు, చాకలి మంగళ్ళు, ఆఫ్రికా బానిసలు కనబడరు. ఎక్కడన్నా కనబడినా ఆలోచించిన మనుషులుగా కనబడరు, ఇంకెవరో ఆలోచించడానికి పనికొచ్చే ఉదాహరణలుగా కనబడతారు. తమ ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్ళకి సెమినార్లలో ఒక మాట మర్యాదగానే వినబడుతూ ఉంటుంది: "మీ అనుభవం చెప్పండి, బావుంటుంది." అంటే అనుభవం మాది, సిద్ధాంతం వాళ్ళది! గోపాల్ గురు 2002లో రాసిన ఇంగ్లీషు వ్యాసంలో సరిగ్గా ఈ పని విభజననే పట్టుకున్నాడు. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులూ, సమాచారం మోసే శూద్రులూ తయారయ్యారని విమర్శించాడు.

దీనికి జవాబుగా "మాకూ తత్వం ఉంది" అని ఊరికే అంటే సరిపోదు. చూపించాలి. అందుకోసం మేం ఇక్కడ ఒకే ఒక్క వాదాన్ని తీసుకుంటున్నాం. "మనిషి యోగ్యత పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది" అన్నది ఆ వాదం. దీన్ని వేర్వేరు దేశాల్లో, మతాల్లో, కాలాల్లో పెద్దపెద్ద పండితులు ఎట్లా నిలబెట్టారు? ఎవరు, ఏ పద్ధతిలో పడగొట్టారు? ఈ రెండూ వివరించడమే ఈ వ్యాసం పని.

రుజువు అంటే ఏమిటి?

"నిప్పు లేనిదే పొగ రాదు" అని మన ఊళ్ళల్లో అందరూ అనే మాటే. తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి పాఠం చెప్పేటప్పుడు వాడే ఉదాహరణ కూడా అదే. దూరాన కొండమీద పొగ కనబడింది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఈ "కాబట్టి" ఎప్పుడు చెల్లుతుంది? ఎప్పుడు చెల్లదు? 5, 6 శతాబ్దాల నాటి బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు దీనికి మూడు షరతులు స్థిరపరిచాడు. మనం చూపించే కారణం, అంటే హేతువు, మొదట మనం మాట్లాడుతున్న చోట ఉండాలి: ఆ కొండమీద పొగ నిజంగా ఉండాలి. రెండు, నిప్పున్నదని అందరూ ఒప్పుకున్న చోట అది కనబడాలి: వంటింట్లో పొయ్యి దగ్గర పొగ చూశాం గదా. మూడు, నిప్పులేని చోట అది ఎక్కడా కనబడగూడదు: చెరువులో పొగ రాదు. మూడో షరతు తప్పితే మొత్తం కూలిపోతుంది. నిప్పు లేకుండా ఒక్కచోట పొగ వచ్చినా సరే, పొగని చూసి నిప్పుందని చెప్పే హక్కు పోతుంది.

దిఙ్నాగుడు ఇంకొక పని కూడా చేశాడు. ప్రమాణాలు రెండే అన్నాడు, ప్రత్యక్షం, అనుమానం. శబ్దం, అంటే చెప్పినమాట, వేరే ప్రమాణం కాదన్నాడు. "శాస్త్రంలో ఉంది" అంటే చాలదు, చెప్పినవాడి మాట నమ్మదగిందా లేదా అన్నదాన్ని కూడా హేతువుతోనే తేల్చాలి. వేదానికి విడిగా ఉన్న పెద్దపీట దీంతో కదిలిపోయింది. ఈ దిఙ్నాగుడికి మన నేలతో సంబంధం ఉంది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశం గురించి రాస్తూ, వేంగికి దగ్గర ఒక ఒంటరి కొండమీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రాశాడని చెప్పాడు. ఈ పరంపరలో తర్వాతివాడైన ధర్మకీర్తి రాసిన "ప్రమాణవార్తికం" సంస్కృత ప్రతులు మాత్రం 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాల్లో వెతికితే గాని దొరకలేదు. మన తర్కం మన దగ్గర లేకుండా పోయి పరాయిచోట బతికింది!

ఇప్పుడు ఆ మూడు షరతుల్నీ మన వాదానికి పెట్టి చూద్దాం. "ఇతను చదువుకి తగడు, ఎందుకంటే ఫలానా ఇంట్లో పుట్టాడు." ఆ ఇంట్లో పుట్టినమాట నిజమే. ఆ ఇంట్లో పుట్టి చదువు రానివాళ్ళూ ఉన్నారు, అదీ నిజమే. మరి ఆ ఇంట్లో పుట్టి చదువు వచ్చినవాడు ఒక్కడు కూడా ఉండగూడదు గదా? ఒక్కడు కనబడితే చాలు, హేతువు చెడిపోయినట్టే. ఈ మూడో షరతు దగ్గరే ఈ వాదం ప్రతిచోటా, ప్రతికాలంలోనూ తట్టుకుని పడింది. పడ్డదాన్ని లేపి నిలబెట్టడానికి పండితులు చేసిన తంటాలే ఇక్కడినుంచి మనం చూడబోయేది.

గుర్తు ఎక్కడుంది?

దిఙ్నాగుడికి ఎంతో ముందే పాళీ సుత్తాల్లో ఈ చర్చ ఉంది. "వాసెట్ఠ సుత్తం"లో ఇద్దరు బ్రాహ్మణ యువకులు బుద్ధుడి దగ్గరికి తగువు తెస్తారు. బ్రాహ్మణుడయ్యేది పుట్టుకవల్లనా, చేతలవల్లనా? బుద్ధుడు నీతి బోధతో మొదలుపెట్టడు. గడ్డినీ చెట్లనీ చూడమంటాడు, పురుగుల్నీ, నాలుగు కాళ్ళ జంతువుల్నీ, చేపల్నీ, పక్షుల్నీ చూడమంటాడు. వీటిల్లో ఒక్కొక్క జాతికీ పుట్టుకతో వచ్చిన గుర్తు ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆవు ఆవుగా, గుర్రం గుర్రంగా తెలిసిపోతుంది. మనుషుల్లో తలవెంట్రుక మొదలు కాలిగోరు దాకా వెతికినా అట్లాంటి గుర్తు దొరకదు. ఉన్న తేడాలన్నీ పేర్లలో ఉన్నాయి. పొలం దున్నేవాణ్ణి రైతంటాం, సరుకు అమ్మేవాణ్ణి వర్తకుడంటాం. అంటే జాతి అన్నది వేరే జీవులకి చెల్లే వర్గీకరణ, దాన్ని మనుషులమీదికి తేవడమే తప్పు.

"అస్సలాయన సుత్తం" ఇంకో వైపునుంచి వస్తుంది. యోన, కంబోజ దేశాల్లో రెండే వర్ణాలున్నాయట, యజమాని, దాసుడు. పైగా అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమాని కావచ్చు. నాలుగు వర్ణాలు సృష్టిలోనే ఉంటే పక్కదేశంలో ఎందుకు లేవు? మంచి కట్టెతో రాజేసినా, పందుల తొట్టి చెక్కతో రాజేసినా నిప్పు నిప్పే గదా, వెలుతురూ వేడీ రెంటికీ ఉన్నాయి గదా అని కూడా అడుగుతాడు.

ఈ "పక్కదేశం" ప్రశ్నని గుర్తు పెట్టుకోవాలి. 1873లో పుణేలో జోతిరావు ఫూలే "గులాంగిరీ" అచ్చువేశాడు. అందులో సంభాషణ మొదట్లోనే ఇదే ప్రశ్న వస్తుంది. బ్రహ్మ ముఖంనుంచి బ్రాహ్మణుడు, పాదంనుంచి శూద్రుడు పుడితే, మరి ఇంగ్లీషువాళ్ళు ఎక్కణ్ణుంచి పుట్టారు? వాళ్ళ లెక్క మనువు ఎందుకు రాయలేదు? రెండు వేల ఏళ్ళకి పైగా తేడా ఉన్న రెండు గొంతులు ఒకే తర్కాన్ని పట్టుకున్నాయి. "అన్నిచోట్లా ఉంది" అన్న వాదానికి "ఇక్కడ లేదు" అన్న ఒక్క చోటు చూపిస్తే చాలు.

కుమారిలుడి జవాబు

ఎదుటివాళ్ళు ఊరుకోలేదు. ఊరుకున్నారని రాస్తే మేం అబద్ధం రాసినట్టే. 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు మామూలు పండితుడు కాడు. బ్రాహ్మణత్వం కూడా ఆవులోని గోత్వంలాగే నిజంగా ఉన్న సామాన్యమని, అది ప్రత్యక్షంగానే తెలుస్తుందని ఆయన "తంత్రవార్తికం"లో వాదించాడు. ఆవుని చూస్తే తెలిసినట్టు మనిషిని చూస్తే తెలియడం లేదే అంటే, తల్లిదండ్రులెవరో తెలిసినవాడికి తెలుస్తుందన్నాడు. కొండశిఖరం ఎక్కితేగాని కనబడని వస్తువు ఉన్నంత మాత్రాన అది ప్రత్యక్షం కాకుండా పోతుందా అని ఎదురడిగాడు. చూడ్డానికి కష్టపడాలంతే, చూపు మాత్రం చూపే అని ఆయన ఉద్దేశం.

పోలిక బావుంది. అయితే కొండెక్కినవాడు అక్కడ కళ్ళతో చూస్తాడు. ఇక్కడ ఎక్కే "కొండ" ఏమిటి? "వీడి నాన్న ఫలానా, ఆయన నాన్న ఫలానా" అని పక్కవాడు చెప్పే మాట. ఆ మాట తీసేస్తే కనబడేది మనిషే. బౌద్ధ తార్కికులు ఇక్కడే పట్టుకున్నారు. చెబితేగాని కనబడనిది ప్రత్యక్షం ఎట్లా అవుతుంది? పోనీ ఆ వంశం మాటకైనా రుజువేది? "అస్సలాయన సుత్తం"లోనే ఒక ప్రశ్న ఉంది: మీ తల్లి, ఆమె తల్లి, ఏడు తరాల వెనక తల్లి, అందరూ బ్రాహ్మణుడితోనే ఉన్నారని మీకు తెలుసా? కుమారిలుడికి ఈ చిక్కు తెలుసు. అందుకే పెద్దకులాల స్త్రీలు తమని తాము కాపాడుకుంటారనీ, రాజులూ బ్రాహ్మణులూ వంశావళులు రాయించి పెట్టేది అందుకేననీ చెప్పుకొచ్చాడు. అంటే చివరికి ప్రత్యక్షం బరువంతా ఆడవాళ్ళమీద పెట్టిన కాపలామీద, ఒక దఫ్తరంమీద నిలబడింది! కులం నిలవాలంటే స్త్రీకి కాపలా ఉండక తప్పదన్న సంగతిని కులం పక్షాన నిలబడ్డ తార్కికుడే ఒప్పుకున్నట్టయింది.

11వ శతాబ్దంలో జైన పండితుడు ప్రభాచంద్రుడు ఇంకో చీలిక తీశాడు. బ్రాహ్మణత్వం గోత్వంలా నిత్యమైతే ఆచారం చెడితే ఎట్లా పోతుంది? ఆవు ఏం చేసినా ఆవుగానే ఉంటుంది గదా. పోయేది అయితే అది జాతి కాదు, పోనిది అయితే భ్రష్టుడవుతాడన్న శాస్త్రం తప్పు. రెండూ ఒకేసారి కుదరవు.

గ్రీసులో, స్పెయిన్‌లో

ఇది మన దేశంలో మాత్రమే జరిగిన చర్చ కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ "రాజనీతి" మొదటి భాగంలో కొందరు ప్రకృతిచేతనే బానిసలని రాశాడు. వాళ్ళకి ఇతరుల హేతువుని అర్థం చేసుకునేటంత బుద్ధి ఉంటుంది గాని సొంతంగా ఆలోచించి నిర్ణయించే శక్తి ఉండదట. వేదం మాట ఇక్కడ లేదు, జన్మాంతర కర్మ లేదు. పునాది పూర్తిగా వేరు. అయినా చిక్కు అదే, గుర్తు ఎక్కడుంది? స్వతంత్రుడి శరీరాన్నీ బానిస శరీరాన్నీ వేరువేరుగా చెయ్యాలని ప్రకృతి అనుకుంటుంది గాని తరచూ తారుమారు అవుతుందని అరిస్టాటిలే ఒప్పుకున్నాడు. తారుమారయ్యే గుర్తు గుర్తెట్లా అవుతుంది? బానిసత్వం ప్రకృతికి విరుద్ధం, చట్టమూ బలమూ మాత్రమే దానికి ఆధారం అనేవాళ్ళు తన కాలంలోనే ఉన్నారని కూడా ఆయన రాశాడు. వాళ్ళ పేర్లు మాత్రం ఆ చోట చెప్పలేదు.

ఈ పుస్తకం పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ కత్తి పట్టింది. 1550, 51లలో స్పెయిన్‌లోని వయ్యడోలిడ్ నగరంలో చక్రవర్తి పిలిపించిన పండిత సభముందు, అమెరికా ఆదివాసులు అరిస్టాటిల్ చెప్పిన సహజ బానిసలేనని సెపుల్వెద వాదించాడు. ఆయన అమెరికా మొహం చూసినవాడు కాదు. అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న బిషప్ లాస్ కసాస్ ఎదురు నిలిచాడు. నగరాలు కట్టి, చట్టాలు చేసుకుని, కళలు నేర్చిన జనాన్ని బుద్ధిలేనివాళ్ళని ఎట్లా అంటారని అడిగాడు. దిఙ్నాగుడి పేరు ఆయన విని ఉండడు. అయినా అడిగింది మూడో షరతే. అయితే ఇదే లాస్ కసాస్ 1516లో ఆదివాసుల బదులు ఆఫ్రికా బానిసల్ని తెప్పించమని సలహా ఇచ్చాడు, తర్వాత దానికి పశ్చాత్తాపపడ్డాడు. ఒకళ్ళ విషయంలో తెరుచుకున్న కన్ను పక్కవాళ్ళ విషయంలో మూసుకుపోవచ్చు. మాలకీ మాదిగకీ మధ్య, దళిత పురుషుడికీ దళిత స్త్రీకీ మధ్య ఉన్న సంగతులు తెలిసిన మనకి ఇది కొత్త పాఠమేం గాదు.

ఎదురు సాక్ష్యం వస్తే ఏం చేస్తారు?

హేతువు చెడగొట్టే మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే పండితులు ఏం చేశారన్నది అన్నిటికంటే ముఖ్యం.

"ఛాందోగ్యోపనిషత్తు"లో రైక్వుడు జానశ్రుతి అనే రాజుని "శూద్రా" అని పిలిచి, చివరికి విద్య చెబుతాడు. శూద్రుడికి వేదవిద్య లేదనే వాదానికి ఇది అడ్డం. అందుకని బ్రహ్మసూత్రాలూ, శంకరుడి భాష్యమూ ఆ మాట అర్థమే మార్చేశాయి. శూద్రుడంటే ఇక్కడ కులం కాదట, "శుచ" అంటే దుఃఖం, దుఃఖంతో పరిగెత్తుకొచ్చినవాడట! అదే ఉపనిషత్తులో సత్యకామ జాబాలుడున్నాడు. తండ్రెవరో తల్లికే తెలియదు. ఆ సంగతి దాచకుండా చెప్పాడు గనక బ్రాహ్మణుడే అయ్యుంటాడని గురువు తేల్చాడు. నిజం చెప్పాడు కాబట్టి బ్రాహ్మణుడు. బ్రాహ్మణుడు కాబట్టి నిజం చెప్పాడు. తర్కంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు, ఇద్దరు తాగుబోతులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డట్టు.

ఇప్పుడు 18వ శతాబ్దపు స్కాట్లండ్‌కి పోదాం. డేవిడ్ హ్యూమ్ ఏ శాస్త్రాన్నీ నమ్మనివాడు, అనుభవం ఒక్కటే ప్రమాణం అన్నవాడు. 1753లో తన వ్యాసానికి చేర్చిన పాదసూచికలో నల్లవాళ్ళు పుట్టుకతోనే తక్కువవాళ్ళని అనుమానించాడు. జమైకాలో ఒక నల్ల విద్వాంసుడున్నాడని అంటారే అంటే, నాలుగు మాటలు పలికే చిలకలాంటివాడై ఉంటాడని కొట్టిపారేశాడు. ఆ విద్వాంసుడు లాటిన్‌లో కవిత్వం చెప్పిన ఫ్రాన్సిస్ విలియమ్స్ అని చరిత్రకారులు గుర్తించారు. అంతకు ముందే, 1734లో, ఇప్పటి ఘానాలో పుట్టిన ఆంటన్ విల్హెల్మ్ ఆమో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో మనసుకీ శరీరానికీ ఉన్న సంబంధంమీద సిద్ధాంతగ్రంథం సమర్పించి, తర్వాత హాలె, యేనా యూనివర్సిటీల్లో తత్వశాస్త్రం చెప్పాడు. కాంట్ 1764లో హ్యూమ్ మాటనే ఎత్తి రాశాడు, ఆమోని తలచలేదు.

వేదాన్ని ప్రమాణంగా నమ్మిన శంకరుడూ, అనుభవాన్ని మాత్రమే నమ్మిన హ్యూమూ ఈ ఒక్కచోట ఒకే పని చేశారు. సాక్ష్యం అడ్డమొస్తే సిద్ధాంతం మార్చుకోలేదు, సాక్ష్యం పేరు మార్చారు. శూద్రుడు దుఃఖితుడయ్యాడు, కవి చిలకయ్యాడు. ఈనాడు యూనివర్సిటీలో దళిత విద్యార్థికి ర్యాంకు వస్తే "రిజర్వేషన్‌లో వచ్చిందిలే" అనడం కూడా ఈ బాపతే. హ్యూమ్‌కి జవాబు ఆయన దేశస్థుడే చెప్పాడు. 1770లో జేమ్స్ బీటీ, రెండువేల ఏళ్ళ కింద బ్రిటన్‌వాళ్ళు కూడా మొరటుగానే ఉన్నారు గదా, ఒకే అవకాశం ఇచ్చి చూడకుండా పుట్టుకమీదికి ఎట్లా తోస్తారని అడిగాడు.

నిషేధమే సాక్ష్యం

అన్నిటికన్నా పదునైన తర్కం మాత్రం బానిసగా పుట్టినవాడి నోటినుంచి వచ్చింది. ఫ్రెడరిక్ డగ్లస్ 1838లో మేరీలండ్ నుంచి తప్పించుకున్నాడు. చదువు దొంగతనంగా నేర్చుకున్నాడు. 1852 జూలై 5న రాచెస్టర్‌లో మాట్లాడుతూ, బానిస మనిషేనని మేం రుజువు చెయ్యాలా అని అడిగాడు. దక్షిణ రాష్ట్రాల్లో బానిసకి చదువు నేర్పగూడదని చట్టాలున్నాయి. పొలంలో పశువులకి చదువు చెప్పగూడదని ఏ దేశంలోనన్నా చట్టం ఉందా? ఆ రుజువు మీ చట్టమే ఇచ్చిందన్నాడు.

ఈ వెలుగులో మన గౌతమ ధర్మసూత్రం చూడండి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరమూ లక్కా పొయ్యాలని అందులో ఉంది, శంకరుడు దాన్ని ప్రమాణంగా చూపించాడు. విని అర్థం చేసుకోలేనివాడైతే చెవులు మూయాల్సిన పనేముంది? గేదె వేదం విన్నదని దాని చెవుల్లో ఎవరూ తగరం పొయ్యరు. శిక్ష రాసినవాడికి శూద్రుడి శక్తిమీద శూద్రుడికంటే ఎక్కువ నమ్మకం ఉంది!

అంబేద్కర్ 1936లో "కులనిర్మూలన"లో ఇదే రకం పరీక్ష పెట్టాడు. రక్తశుద్ధి కోసం కులం అన్నారు సరే, మరి కలిసి భోంచెయ్యగూడదని ఎందుకన్నారు? పక్కన కూచుని తింటే రక్తం కలవదు గదా. చెప్పిన కారణం ఒకటి, చేసే పని ఒకటి. మన వైపు భాగ్యరెడ్డి వర్మ 1917 బెజవాడ సభలో "పంచమ" అన్న మాట పురాణాల్లో ఎక్కడుందో చూపించమని అడిగి, ఆది ఆంధ్ర అన్న పేరు నిలబెట్టాడు. ఎదుటివాడి ప్రమాణంతోనే ఎదుటివాణ్ణి నిలదీయడం తర్కంలో ఒప్పుకున్న పద్ధతే. జాషువా "గబ్బిలం" (1941)లోనూ ఒక వాదం ఉంది: గుడిలోకి గబ్బిలం పోవచ్చు, దాన్ని అడ్డుకునేవాడు లేడు, మనిషి మాత్రం పోగూడదు. వాసెట్ఠ సుత్తం అడిగినట్టే ఈ కావ్యం కూడా మనిషినీ జంతువునీ పక్కపక్కన పెట్టి అడిగింది. దీన్ని కరుణ రసం అని మాత్రమే చదివితే సగమే చదివినట్టు.

తర్కం ఎంతవరకు?

తర్కంలో ఓడిపోతే ఆధిపత్యం దిగిపోతుందని మేం అనడం లేదు. వయ్యడోలిడ్‌లో సభ తీర్పు చెప్పకుండానే ముగిసింది, ఆదివాసుల నేల వాళ్ళకి తిరిగి రాలేదు. కారంచేడులో (1985), చుండూరులో (1991) మనవాళ్ళని చంపినవాళ్ళు హేత్వాభాసంలో చిక్కుకుని చంపలేదు. భూమి, కూలి, ఓటు, పరువు, అధికారం వెనకున్నాయి. కులం, జాతివివక్ష, బానిసత్వం మూడూ ఒకటే అని కూడా మేం అనడం లేదు. కుమారిలుడిది నిత్యసామాన్యం, అరిస్టాటిల్‌ది ప్రకృతి, హ్యూమ్‌ది అనుభవం. పునాదులు వేరు, వాటి కింద నలిగిన బతుకులూ వేరు. పరీక్ష పెట్టినప్పుడు తేలిన లోపం మాత్రం ఒకటే.

తర్కం చెయ్యగలిగిన పని ఒకటుంది. రుజువు బరువు ఎవరిదో తేలుస్తుంది. ఇన్నాళ్ళూ "మేం తక్కువ కాదు" అని మనమే రుజువులు మోశాం. మార్కులు చూపించాం, డిగ్రీలు చూపించాం. "నువ్వు తక్కువ" అన్నవాడు హేతువు చూపించాలి, ఆ హేతువు మూడు షరతులకీ నిలవాలి. రెండున్నర వేల ఏళ్ళుగా అది నిలవలేదు.

అందుకని మేం అడిగేది చిన్న మార్పు. ఫిలాసఫీ క్లాసులో అరిస్టాటిల్ పక్కన వాసెట్ఠ సుత్తం, శంకరుడి పక్కన డగ్లస్, హ్యూమ్ పక్కన ఆమో, మనువు పక్కన ఫూలే ఉండాలి. విడిగా "దళిత అనుభవం" అన్న యూనిట్‌లో గాదు, అదే పాఠంలో, అదే ప్రశ్నకి జవాబులుగా ఉండాలి. అప్పుడు ఎవరు బాగా ఆలోచించారో విద్యార్థులే తేల్చుకుంటారు.